చెరువు పూడ్చి మాల్ కడుతున్నారు, ఆపించగలమా?

ప్రశ్న: అయ్యా, మాది టెక్కలి మండలంలో ఓ పల్లె. ఏటా సెప్టెంబరులో తేలినీలాపురం వచ్చే పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు మా చెరువులోకే మేతకు దిగుతాయి. వాటిని చూస్తూ పెరిగాం. గత డిసెంబరు 20న చెరువులోకి మట్టి టిప్పర్లు దిగాయి. 2 లక్షల చదరపు అడుగుల షాపింగ్ మాల్, దాని అడుగున పార్కింగ్ అని బోర్డు పెట్టారు. జనవరి నుంచి మూడుసార్లు అర్జీలు ఇచ్చినా కదలిక లేదు. ఆరు నెలలు దాటితే గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్లలేమంటున్నారు. మాకు మేలోనే తెలిసిందని రాస్తే సరిపోతుందా? లేక టెక్కలి కోర్టులో, పని ఆపించే ఇంజంక్షన్ దావా వెయ్యాలా? ఆ పక్షుల ఉసురు ఊరికే పోతుందా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా (జూలై 10న రాసిన ఉత్తరం, కుదించాం)

జవాబు: మీ ఉత్తరం మూడు పేజీలు. అందులో పక్షులున్నాయి, మీ చిన్నతనం ఉంది. చెరువు సర్వే నంబరు మాత్రం ఎక్కడా లేదు.

ముందు తేదీ సంగతి తేల్చుకుందాం. జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం, 2010లోని 14వ సెక్షన్ ప్రకారం వివాదానికి కారణం ‘మొదటిసారి’ తలెత్తిన రోజు నుంచి ఆరు నెలల్లో దరఖాస్తు వెయ్యాలి. తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇస్తారు. ఆపైన ఒక్క రోజు ఆలస్యాన్ని కూడా మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కు లేదు. మీ ఆరు నెలలు జూన్ 20తో అయిపోయాయి. ఇక ఆగస్టు 19 దాకానే మీకు దారి ఉంది. రోజూ మట్టి పోస్తున్నారు కాబట్టి రోజూ కొత్త కారణమేనని ఎవరైనా ధైర్యం చెబితే నమ్మకండి. ‘మొదటిసారి’ అన్న మాట ఆ వాదనకు అడ్డం పడుతుంది.

అర్జీ ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదు. మొదటి అర్జీకి నెలలో జవాబు రానప్పుడే వకీలును కలవాల్సింది. చెరువు కళ్లముందే పూడిపోతుంటే అదే అర్జీని మూడుసార్లు రాసి కూర్చోవడం అజాగ్రత్త. ఆ మాట కటువుగానే చెబుతున్నాను.

మేలో తెలిసిందని మాత్రం రాయొద్దు. అఫిడవిట్ అంటే ప్రమాణం చేసి చెప్పే మాట. మీ మొదటి అర్జీ మీద జనవరి నెల ముద్ర ఉంది. అవతలి వకీలు ఆ కాగితం ఒక్కటి తీసి చూపిస్తే కేసు అక్కడితో ముగుస్తుంది, అబద్ధపు ప్రమాణానికి మీరు జవాబు చెప్పుకోవాలి. ఉన్నది ఉన్నట్టు రాయండి: ఏ తేదీన ఎవరికి అర్జీ ఇచ్చారు, జవాబు కోసం ఎన్నాళ్లు చూశారు, వకీలును ఎప్పుడు కలిశారు. ఆలస్య మన్నింపు పిటిషన్‌లో ఆ వరుసే మీకు ఆధారం.

ఇంజంక్షన్ దావా జోలికీ పోకండి. ట్రిబ్యునల్ తేల్చాల్సిన వివాదాలను సివిల్ కోర్టు విచారించకుండా అదే చట్టంలోని 29వ సెక్షన్ అడ్డుకుంటుంది. దావా తిరిగొచ్చేసరికి ఆగస్టు 19 వెళ్లిపోతుంది.

ఇక అసలు విషయం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ ట్రిబ్యునల్ పరిధిలోని చట్టాల జాబితాలో లేదు. పక్షుల గురించి ఎంత రాసినా, కేసు నిలిచేది పర్యావరణ పరిరక్షణ చట్టం కిందే. కట్టడం విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లకు, అంటే సుమారు 2,15,000 చదరపు అడుగులకు చేరితే ముందస్తు పర్యావరణ అనుమతి తప్పనిసరి. బోర్డు మీది 2 లక్షలు ఆ హద్దుకు లోపలే ఉంది. కానీ భూమి లోపలి పార్కింగ్‌నూ విస్తీర్ణంలో కలపాలి. కలిపితే ఎంతవుతుంది? మంజూరైన ప్లాన్ నకలు తీసి ముందు ఆ లెక్క చూడండి. అనుమతి ఉందో లేదో కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో ఈరోజే వెతకండి. ఉంటే దాని మీద అప్పీలుకు గడువు ఇంకా తక్కువ: తెలియజేసిన రోజు నుంచి 30 రోజులు, కారణం చూపితే మరో 60.

రెండోది, ఆ నేల చెరువేనని చూపించే కాగితం. మీది పాత ఎస్టేటు (జమీందారీ) గ్రామమైతే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్‌లో, అంటే ఎస్టేట్లు రద్దయ్యాక రాసిన భూమి రికార్డులో, ఆ సర్వే నంబరు ఎదురుగా ఏమని రాశారో చూడాలి. అక్కడ చెరువు అని ఉంటే తర్వాత పుట్టిన పట్టాలకు, దస్తావేజులకు బలం తగ్గుతుంది. చెరువులు ఊరందరి ఉమ్మడి వనరులని సుప్రీంకోర్టు 2001లో హించ్ లాల్ తివారీ కేసులో చెప్పింది. ఎఫ్.ఎం.బి. స్కెచ్ (సర్వే నంబరు కొలతల పటం), గూగుల్ ఎర్త్‌లోని పాత ఏళ్ల చిత్రాలు దానికి జతచెయ్యండి. ఫోన్‌లో తీసిన పక్షుల ఫోటోలు, టిప్పర్ల వీడియోలు అసలు ఫైళ్లుగానే దాచండి. వాట్సాప్‌లో పంపిన కాపీల్లో తీసిన తేదీ వివరాలు మిగలవు.

మన జిల్లాలోనే సోంపేట బీల అనే నీటి పల్లపు నేల ఉంది. 2010 జూలై 14న, అక్కడి థర్మల్ కేంద్రం వద్దన్న జనం మీద పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయిన రోజే, ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పీళ్ల అథారిటీ రద్దు చేసింది. బీల చిత్తడి నేల అన్న వాస్తవం అక్కడ నిలబడింది. మీ చెరువుకూ అలాంటి ఆధారమే కావాలి.

చెన్నైలోని దక్షిణ మండల ధర్మాసనంలో దరఖాస్తు వెయ్యండి. పరిహారం కోరకపోతే రుసుము వెయ్యి రూపాయలే. పని ఆపమని మధ్యంతర ఉత్తర్వు కోరండి. పూడ్చిన మట్టి తీయించి చెరువును పూర్వస్థితికి తేవాలని 15వ సెక్షన్ కింద కూడా అడగండి, దానికి గడువు అయిదేళ్లు. అడంగల్ నకలు ఇంకా రాలేదని దరఖాస్తు ఆపొద్దు. నకలు కోసం పెట్టుకున్న అర్జీ రసీదు జతచేసి వెయ్యండి, నకలు వచ్చాక అదనపు పత్రంగా దాఖలు చేసుకోవచ్చు.