లేజర్‌తో పచ్చబొట్టు తీయిస్తే చేయి కాలింది: సంతకం పెట్టాక పరిహారం అడగవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. కేంద్ర సాయుధ బలగాల కానిస్టేబుల్ ఉద్యోగానికి సిద్ధమవుతూ, కుడి ముంజేతి మీది నల్ల పచ్చబొట్టును తీయించుకోవడానికి హైదరాబాద్‌లోని ఒక స్కిన్ క్లినిక్‌లో ఆరు సిట్టింగులకు ముందే డబ్బు కట్టాను. మూడో సిట్టింగు రోజున డాక్టరు లేరు, టెక్నీషియనే లేజర్ పెట్టారు. చేయి బొబ్బలెక్కి, తెల్లమచ్చలు పడ్డాయి. అడిగితే, సమ్మతి పత్రం మీద సంతకం పెట్టారు కాబట్టి మాకు బాధ్యత లేదంటున్నారు. నేనేం చేయవచ్చు?

జవాబు: ఆ సంతకంతో మీ హక్కు పోలేదు. జాగ్రత్తగా చికిత్స చేసినా రాగల ఇబ్బందులను తెలిసి ఒప్పుకోవడమే సమ్మతి. నిర్లక్ష్యంగా చేసినా ఫర్వాలేదని రాసిచ్చినట్లు కాదు. చికిత్స ఎలా ఉంటుందో, దానివల్ల మేలేమిటో, వేరే మార్గాలు, ముఖ్యమైన ప్రమాదాలు ఏమిటో రోగికి చెప్పిన తరువాత తీసుకున్నదే సరైన సమ్మతి అని సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది.

అయితే పచ్చబొట్టు పూర్తిగా పోలేదనో, మచ్చ పడిందనో చెప్పినంత మాత్రాన నిర్లక్ష్యం రుజువు కాదు. మీ కేసు బలమంతా ఆ రోజు లేజర్ ఎవరు పెట్టారు, ఎలా పెట్టారు అన్నదాని మీదే ఉంది. మన చామనఛాయ చర్మంలోని మెలనిన్ కూడా సిరాతో పాటు లేజర్ శక్తిని పీల్చుకుంటుంది కాబట్టి కాలే ముప్పు, రంగు మారే ముప్పు ఎక్కువ. అందుకే నల్ల సిరాకు సాధారణంగా 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వాడి, సిట్టింగుకూ సిట్టింగుకూ మధ్య కొన్ని వారాల వ్యవధి ఇస్తారు. మీకు ఏ తరంగదైర్ఘ్యం, ఎంత శక్తి వాడారో, దాన్ని ఎవరు నిర్ణయించారో రికార్డులోనే తేలాలి.

ఆ రికార్డు ప్రతుల కోసం ఈరోజే లిఖితపూర్వకంగా అడగండి. వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం, అడిగిన 72 గంటల్లోగా డాక్టరు వాటిని ఇవ్వాలి. డబ్బు కట్టిన రసీదులు, తేదీలతో ఉన్న ఫొటోలు, మీరు సంతకం చేసిన పత్రం నకలు, క్లినిక్ ప్రకటనలు భద్రపరచండి. ప్రభుత్వ ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో చూపించుకుని గాయం గురించి రాయించుకోండి. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని, హైదరాబాద్ ఆసుపత్రికి సంబంధించిన వి. కిషన్‌రావు కేసులో 2010లోనే సుప్రీంకోర్టు అన్నది నిజమే. అయినా అలాంటి కాగితం ఉంటే మీకు మేలు.

ఫిర్యాదు కోసం హైదరాబాద్ తిరగనక్కరలేదు. వినియోగదారుల పరిరక్షణ చట్టం, 2019 కింద మీరు నివసించే చోటే, అంటే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. ఫీజును మీరు కోరే పరిహారాన్ని బట్టి కాక, చెల్లించిన సొమ్మును బట్టి లెక్కిస్తారు. అది 5 లక్షల రూపాయలు దాటకపోతే ఫీజే లేదు. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోగా వేయాలి. ముందుగా క్లినిక్‌కు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, కట్టిన డబ్బు, మచ్చకు చేయించుకునే చికిత్స ఖర్చు, పడిన బాధకు పరిహారం విడివిడిగా కోరండి. ఉద్యోగం పోతుందన్న నష్టాన్ని నిరూపించడం కష్టం కాబట్టి, దాని మీదే కేసు నడపవద్దని నా సలహా.

పోలీసు ఫిర్యాదు విషయంలో తొందరపడకండి. జాకబ్ మాథ్యూ తీర్పు (2005) ప్రకారం, డాక్టరు మీద క్రిమినల్ చర్యకు తీవ్రమైన నిర్లక్ష్యం కనిపించాలి, మరో అర్హుడైన వైద్యుడి అభిప్రాయమూ ఉండాలి. అర్హత లేని వ్యక్తి చేత వైద్యం చేయించారని తేలితే మాత్రం జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి, తెలంగాణ వైద్య మండలికి కూడా రాయండి.

ఇంకొక్క మాట. మిగిలిన సిట్టింగుల డబ్బు వాపసు ఇస్తామంటూ, ఇక ఏ క్లెయిమూ లేదని రాసిన కాగితం మీద సంతకం అడిగితే, న్యాయవాదికి చూపించకుండా పెట్టవద్దు.