కొటేషన్ మీద సంతకం పెట్టే ముందు

కూకట్‌పల్లి, హైదరాబాద్

చిరంజీవికి,

పెదనాన్న ఆశీస్సులు. మణికొండలో మీ అపార్ట్‌మెంటు సంఘానికి నిన్ను కార్యదర్శిని చేశారని మీ అమ్మ చెప్పింది. అభినందించాలో ఓదార్చాలో తెలియలేదు. ఆ కుర్చీలో నేను ఆరేళ్లు కూర్చున్నాను మరి.

కార్డు చూపిస్తే గేట్లు, తలుపులు తెరుచుకునే మీ ఏర్పాటును మార్చడానికి నువ్వు పంపిన రెండు కొటేషన్లూ చదివాను. ఒకరు కార్డు చదివే రీడర్లు, తలుపు తీయాలో వద్దో తేల్చే కంట్రోలర్లు, లాకులు అన్నీ పీకేసి కొత్తవి పెడతామంటున్నారు. రెండోవారు సామాను కదపకుండా సాఫ్ట్‌వేరు మార్చి, ఫోనులో యాప్ ఇస్తామంటున్నారు. ఎవరికి ఇమ్మంటావని అడిగావు. ఇప్పుడే ఎవరికీ ఇవ్వవద్దు.

ముందు వాచ్‌మన్‌కు ఒక నోటుపుస్తకం కొనిచ్చి, నెల రోజులు గేటు మీద వచ్చిన ప్రతి ఫిర్యాదూ రాయించు. ఏ తలుపు, ఏ వేళ, ఏమైంది, అంతే. మా దగ్గర ఈ పని ఆలస్యంగా చేశాం. చూస్తే సగం ఫిర్యాదులు సెల్లార్ తలుపువే. తలుపును దానంతటదే మూసే డోర్ క్లోజర్ పాడై, తలుపు బెత్తెడు దూరంలో ఆగిపోయేది. కరెంటుతో అయస్కాంతమై తలుపును పట్టుకునే మాగ్నెటిక్ లాకుకు ఎన్ని వందల కిలోల పట్టు ఉన్నా ఇనుప పలక వచ్చి తాకితేనే కదా! అప్పటికే కొత్త సాఫ్ట్‌వేరుకు అడ్వాన్సు ఇచ్చేశాం. ఆ తొందర నాదే, ఇంకొకరిని అనను.

తరువాత కార్డుల జాబితా తీయించు. ఖాళీ చేసి వెళ్లిన అద్దెవాళ్లు, మానేసిన పనివాళ్లు, పోయిన కార్డులు ఇంకా అందులో బతికే ఉంటాయి. వాటిని కొట్టేయడానికి కొత్తగా ఏమీ కొననక్కరలేదు, ఒక సాయంత్రం ఓపిక చాలు.

ఇక అసలు చిక్కు కార్డులోనే ఉంది. పాతకాలపు 125 కిలోహెర్ట్జ్ కార్డు చేసేది ఒకటే పని: దగ్గరికి తెస్తే తన నంబరు చెప్పేస్తుంది. ఎవరు అడిగినా చెబుతుంది. చవక యంత్రంతో దానికి నకలు తీయవచ్చు. నకలు తెచ్చినవాడు దొంగైనా దొరైనా సాఫ్ట్‌వేరుకు ఒకటే. నంబరు సరిపోతే తలుపు తీస్తుంది. ఈ జబ్బుకు సాఫ్ట్‌వేరులో మందు లేదు, కార్డులూ రీడర్లూ మార్చాల్సిందే. మీది ఏ రకమో తెలియాలంటే ఎన్‌ఎఫ్‌సీ (దగ్గరికి తెచ్చిన కార్డును చదివే సౌకర్యం) ఉన్న ఫోను వెనక కార్డు ఆనించి చూడు. ఫోను స్పందిస్తే 13.56 మెగాహెర్ట్జ్ అనే కొత్త తరగతిది, ఉలకకపోతే బహుశా పాతదే. స్పందించిందని సంబరపడకు. ఆ తరగతిలో బాగా వాడుకలో ఉన్న మైఫేర్ క్లాసిక్ అనే కార్డు రహస్య సంకేతాన్ని పరిశోధకులు 2008 నాటికే ఛేదించారు. పైగా మంచి కార్డులు ఇచ్చి, రీడరు చేత ఎవరైనా చదవగలిగే సీరియల్ నంబరు మాత్రమే చదివించే ఘనులున్నారు. ఇనప్పెట్టె కొని తలుపు వేయకపోవడం లాంటిది అది. రీడరు నుంచి కంట్రోలరుకు వెళ్లే తీగ సంగతీ అడుగు: వీగండ్ అనే పాత పద్ధతి అయితే నంబరు దాపరికం లేకుండా పోతుంది, ఓఎస్‌డీపీ అనే కొత్త పద్ధతి అయితే సంకేతీకరించి పంపే వీలుంది.

కరెంటు విషయంలో మాత్రం ఎవరి మాటా నమ్మవద్దు. మాగ్నెటిక్ లాకు కరెంటు పోతే వదిలేస్తుంది. మే నెల గాలివానల్లో మన ఊళ్లో కరెంటు ఎలా ఉంటుందో నీకు చెప్పాలా? మెయిన్ ఆపేసి, లాకు బ్యాటరీ మీద ఎంతసేపు ఆగుతుందో గడియారం పట్టుకుని చూడు. మా బ్యాటరీ పదకొండు నిమిషాలకే చేతులెత్తేసింది. అలాగని కరెంటు పోయినా తెరుచుకోని లాకు పెట్టిస్తానంటే ఒప్పుకోను. మంటలు లేచినప్పుడు లోపలివాళ్లు బయటికి రావడానికి ఏ సాఫ్ట్‌వేరు అనుమతీ అవసరం ఉండకూడదు. అత్యవసర బటన్ నొక్కితే లాకుకు వెళ్లే కరెంటే తెగిపోవాలి.

యాప్ వాళ్లు వచ్చినప్పుడు నెట్ కేబుల్ పీకేసి, ఇప్పుడు గేటు తెరిచి చూపించమను. కార్డుల జాబితా కంట్రోలరులోనే ఉంటే తెరుచుకుంటుంది, నీళ్లు నములుతుంటే నీకు అర్థమవుతుంది. స్మార్ట్‌ఫోను లేని బామ్మగారికీ, పనమ్మాయికీ కార్డు ఉండే తీరాలి. వేలిముద్రలు వద్దు: రోజంతా అంట్లు తోమే చేతుల గీతలు అరిగిపోయి, మా పనమ్మాయి రోజూ గేటు బయటే నిలబడేది. కార్డు పోతే కొత్తది ఇవ్వగలం, వేలిముద్ర బయటికి పొక్కితే కొత్త వేలు ఇవ్వలేం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక మనుషుల వివరాలు దాచడం కూడా బరువైన పనే.

ఆఫీసు గదిలోని కంప్యూటర్ ఇంకా విండోస్ 7 మీదే నడుస్తుంటే దాన్ని మాత్రం ఆలోచించకుండా మార్చు. 2020 జనవరితోనే దానికి మామూలు భద్రతా సవరణలు ఆగిపోయాయి. అడ్మిన్ పాస్‌వర్డ్ సంఘం చేతిలో ఉంటుందనీ, అడిగినప్పుడు జాబితా మొత్తం తీసి ఇస్తామనీ ఒప్పందంలో రాయించు. మాకు ఆ పాస్‌వర్డ్ రాబట్టుకోవడానికి నాలుగు నెలలు పట్టింది.

వచ్చే ఆదివారం మీ పెద్దమ్మా నేనూ వస్తున్నాం. వాడని కార్డు ఒకటి పక్కన పెట్టు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీ నాటి నా మల్టీమీటరు తెస్తాను, బ్యాటరీ సంగతి మనిద్దరం చూద్దాం.

ఇట్లు,
పెదనాన్న