సీడీ చదివి డీవీడీ చదవని డ్రైవు: పారేసే ముందు ఇది చూడండి

రాయగడ నుంచి మీరు అడిగింది ఇది: పాత కంప్యూటర్ పాటల సీడీలను చక్కగా చదువుతోంది, పెళ్ళి డీవీడీ పెడితే మాత్రం గిరగిరా తిరిగి చివరికి "డిస్కు పెట్టండి" అంటోంది, డ్రైవు పోయినట్టేనా అని. నాకైతే అలా అనిపించడం లేదు. మాది పర్లాకిమిడి. మా అక్క పెళ్ళి డీవీడీతో నాకూ అచ్చం ఇదే జరిగింది.

బజారులో ఒక కొట్టుకు తీసుకెళితే, మూత కూడా విప్పకుండానే "ఖరాప్ హోయిగలా" అనేసి కొత్తది చూపించారు. సీడీలు చదివేది పాడైపోవడమేమిటని నాకు ఒళ్ళు మండింది. అసలు సంగతి ఏమిటంటే సీడీకి 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న లేజరు, డీవీడీకి 650 నానోమీటర్ల లేజరు. రెండూ వేరు. పైగా డీవీడీలో గుర్తులు చాలా చిన్నవి. లేజరు ముందుండే కటకానికి (లెన్సుకు) కాస్త మసక పట్టినా ముందు తడబడేది డీవీడీయే. సీడీలు చదువుతోంది కాబట్టి కేబుళ్ళు, డ్రైవర్ల (డ్రైవును నడిపించే సాఫ్ట్‌వేర్) జోలికి మీరు వెళ్ళనక్కర్లేదు.

ముందు కొట్టులో కొన్న సినిమా డీవీడీ ఒకటి పెట్టి చూడండి. అది ఆడితే లోపం చాలావరకు డిస్కుదే. ఆడకపోతే కటకం చూడాలి. మా ఇంట్లో అదీ ఆడలేదు. కుంచె అతికించిన క్లీనింగ్ డిస్కు తిప్పితే దుమ్ము పోయిందేమో గానీ ఫలితం లేదు. కరెంటు తీసేసి, డ్రైవు ముందున్న సన్నని రంధ్రంలో సాపు చేసిన జెమ్ క్లిప్పు గుచ్చితే ట్రే బయటికి వచ్చింది. అడుగున నాలుగు మరలు విప్పి చూద్దును కదా, కందిగింజంత కటకం మీద పల్చని పసుపు జిడ్డు! మా కంప్యూటర్ బల్లకు సరిగ్గా పైన దేవుడి అర ఉంది, రెండు పూటలా అగరుబత్తి పొగే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో తాకీతాకనట్టు తుడిచాను. గట్టిగా నొక్కకండి, ఆ కటకం వెంట్రుకల్లాంటి తీగల మీద వేలాడుతూ ఉంటుంది. గోళ్ళరంగు తుడిచే ద్రవం వాడితే ప్లాస్టిక్ కటకం కరిగిపోతుంది. మూత తీసి ఉండగా కరెంటు పెట్టకండి, లేజరు కంటికి ప్రమాదం.

ఆ తరువాత సినిమా డిస్కులన్నీ ఆడాయి, అక్క పెళ్ళి తప్ప! స్టూడియో వాళ్ళు దాని మీద వధూవరుల ఫోటో స్టిక్కరు అతికించారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు బీరువాలోకి నీళ్ళు వచ్చినప్పుడు ఆ కాగితం ఒక పక్క ఉబ్బింది. వేగంగా తిరిగితే డిస్కు ఊగిపోయి గరగరమనేది. మీ డిస్కుకూ స్టిక్కరు ఉంటే పీకకండి, వంగి మొత్తం పోతుంది. నేను మా తమ్ముడి పలచని యూఎస్‌బీ డీవీడీ డ్రైవు తెచ్చాను, అది నెమ్మదిగా తిరుగుతుంది. ఆడించే ప్రయత్నమే చేయకుండా ఫైళ్ళన్నీ ఒక్కొక్కటిగా హార్డ్ డిస్కులోకి ఎక్కించాను. ఒక సాయంత్రమంతా పట్టింది.

అప్పగింతల దగ్గర నాలుగు నిమిషాలు మాత్రం ఎంతకీ రాలేదు. ఆ రోజు తాను అస్సలు ఏడవలేదని మా చిన్నాన్న ఇప్పుడు ధీమాగా చెప్పుకుంటున్నారు.