అమెరికాలో టాక్స్ అటార్నీ అంటే సీపీఏ (లైసెన్సున్న అకౌంటెంట్ అర్హత) కూడా చేసి ఉండాలా?
అక్కర్లేదు, టాక్స్ అటార్నీ అంటే ముందు లాయరే. సాధారణంగా నాలుగేళ్ల డిగ్రీ, ఆపైన మూడేళ్ల జేడీ అనే లా కోర్సు, తర్వాత ఏదో ఒక రాష్ట్రంలో బార్ లైసెన్స్ (లాయరుగా పనిచేసే అనుమతి) ఉంటాయి. పన్నుల మీద ఇంకో ఏడాది ఎల్ఎల్ఎం అనే పైస్థాయి లా కోర్సు చేసేవాళ్లూ ఉన్నారు గానీ అది తప్పనిసరి కాదు. సీపీఏ ఎందుకు అక్కర్లేదంటే, వాళ్ల అసలు పని లెక్కలు కట్టడం కాదు, చట్టం ఏమంటుందో తేల్చి క్లయింటు తరఫున వాదించడం.

ఉదాహరణకు, ఇండియాలో ఉన్న ఖాతాలన్నీ కలిపి 10,000 డాలర్లు దాటినా ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి తెలిపే ఫారం) వేయలేదనుకోండి. తెలియక వదిలేస్తే సీపీఏ సరిపోవచ్చు. కావాలనే దాచారన్న అనుమానం వచ్చేలా ఉంటే మాత్రం, దయచేసి ముందు అటార్నీతోనే మాట్లాడండి.

చాలామంది పొరబడేది ఇక్కడే, సీపీఏకి చెప్పినవీ లాయరుకి చెప్పినంత రహస్యంగా ఉంటాయనుకుంటారు. క్రిమినల్ కేసుల్లో ఆ రక్షణ లాయరుతో మాటలకే ఉంటుంది.