ముందు ఎర్ర పెన్ను సంచిలో పెట్టు

కోడలా,

2024 తెలంగాణ డీఎస్సీలో 6,508 ఎస్జీటీ (ప్రాథమిక బడి టీచర్) పోస్టులుంటే అందులో ఒకటి మన ఇంటికొచ్చిందని మీ నాన్న ఊరంతా మిఠాయి పంచాడు. నువ్వేమో మొన్న ఫోన్‌లో, "అత్తమ్మా, పిల్లలు బోర్డు మీది చూసి ముత్యాల్లా రాస్తారు, సొంతంగా రెండు వాక్యాలు రాయమంటే పెన్సిల్ కొరుక్కుంటూ కూర్చుంటున్నారు" అని ఏడ్చినంత పని చేశావు. ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

చూచిరాత చేతికి మంచిదే, మానిపించకు. కానీ అందులో పిల్లవాడు ఎవరికీ ఏమీ చెప్పడం లేదు. చెప్పేది ఉండాలి, వినేవాళ్లూ ఉండాలి. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది.

దేవరకొండ వైపు ఒక తండా బడిలో పనిచేసేటప్పుడు, మూడో తరగతి పిల్లవాడొకడు ఎవరూ చెప్పకుండానే నోటుబుక్కులో రాసుకొచ్చి చూపించాడు: "మా మేక ఈనింది. రెండు పిల్లలు. ఒకటి సచ్చింది." నేను ఎర్ర పెన్నుతో 'సచ్చింది' చుట్టూ సున్నా చుట్టి, "చనిపోయింది అని రాయాలి, ఐదుసార్లు రాసుకురా" అన్నాను. బుద్ధిగా రాసుకొచ్చాడు. ఆ ఏడాదంతా వాడు "ఆవు సాధు జంతువు" దాటి ఒక్క ముక్క రాయలేదు. మిగిలిన ఆ రెండో పిల్ల ఎలా ఉందిరా అని కూడా అడగలేదు నేను. ఇప్పటికీ అది తలచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

కాబట్టి ముందు ఎర్ర పెన్ను సంచిలో పెట్టు. ప్రతి పిల్లకూ వంద పేజీల రఫ్ నోటుబుక్కు ఒకటి విడిగా పెట్టించు. అందులో దిద్దకు, కింద ఒక ప్రశ్న రాసి ఇవ్వు చాలు. "ఆ రెండో మేకపిల్లకు పేరు పెట్టారా?" ఇంతే. మరునాడు జవాబు రాసుకొస్తారు చూడు. తొలిమెట్టు (చిన్న తరగతులకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పే సర్కారు కార్యక్రమం) రికార్డులకూ, నోట్సులు దిద్దారా అని అడిగే పెద్దలకూ మామూలు నోటుబుక్కులు ఉండనే ఉంటాయి. వాటిలోనైనా ఒక వారం దీర్ఘాలు మాత్రమే చూడు, ఇంకో వారం వత్తులు. అన్నీ ఒకేసారి దిద్దితే పేజీ రక్తం కారినట్టుంటుంది. ఘ, ధ, భ లాంటి ఒత్తక్షరాలు అప్పుడే పట్టుబడకపోతే కొంపలేమీ మునగవు, అవి చదవగా చదవగా వస్తాయి.

పొద్దున హాజరు కాగానే ఒక్కరిని లేపి "నీ ఇంటి కబురు చెప్పు" అను. వాళ్లు చెప్పింది చెప్పినట్టే బోర్డు మీద రాయి, అందరితో చదివించు. "మా బోరు ఎండిపోయింది", "మా అక్క అలిగింది" లాంటివే వస్తాయి. పదిహేను రోజులు గడిచేసరికి బోరు ఎండిన ఇల్లు ఎవరిదో, అలిగిన అక్క ఎవరో తరగతి మొత్తానికి తెలిసిపోతుంది. పక్కవాడి సంగతి తెలిసినప్పుడు వాడిని కొట్టడానికి చెయ్యి కొంచెం ఆగుతుంది.

ఆ కబుర్ల వేళే ఒకసారి ఓ పిల్ల తనే రాస్తానని సుద్దముక్క తీసుకుంది. "మా తాత రోజు కళ్లు తాగుతడు" అని రాసింది. ఐదో తరగతి మగపిల్లలు పడీ పడీ నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో ఆ పిల్లకు తెలియదు, సుద్దముక్క పట్టుకుని బిక్కమొహం వేసింది. నోర్మూసుకోండి అని నేను గద్దించి ఉంటే నవ్వు ఆగేదేమో కానీ, ఆ పిల్ల మళ్లీ బోర్డు దగ్గరికి వచ్చేది కాదు. అందుకని నా కథ చెప్పాను. చిన్నప్పుడు మా సారుకిచ్చిన సెలవు చీటీలో "మా అన్నం పెళ్లి ఉన్నది, రెండు దినాలు సెలవు కావలెను" అని రాశానన్నాను. ఇక నవ్వంతా నా మీదికి మళ్లింది, ఆ పిల్ల కూడా నవ్వింది. అప్పుడు 'కల్లు' ఒక పక్కన, 'కళ్లు' ఒక పక్కన రాసి చూపించాను. వారం తిరిగేసరికి పిల్లలే పట్టేశారు: ఇల్లు ఒకటైతే ఇళ్లు చాలా, ముల్లు ఒకటైతే ముళ్లు చాలా. నేను వ్యాకరణం పాఠం చెప్పి ఉంటే అలా పట్టేవారు కాదు.

ఇంటి మాటను తప్పు అనకు. గోడకు ఒక చార్టు కట్టు, ఒక వైపు ఇంటి మాట, ఇంకో వైపు పుస్తకం మాట. 'సచ్చింది' ఎదురుగా 'చనిపోయింది'. లంబాడా పిల్లలు ఉంటే 'యాడి' ఎదురుగా 'అమ్మ'. పరీక్షలో ఏ వైపుది రాయాలో వాళ్లకు తెలుసు, మనమే కంగారుపడతాం.

రెండు గదుల్లో ఐదు తరగతులు అన్నావు కదా, దాన్నే వాడుకో. ఒకటో తరగతి పిల్ల చెబుతుంది, ఐదో తరగతి పిల్ల రాసిపెడుతుంది. చిన్నదానికి తన మాట కాగితం మీద కనిపిస్తుంది, పెద్దది వినడం నేర్చుకుంటుంది. జతలు మాత్రం నువ్వే వెయ్యి, వాళ్లకు వదిలేస్తే చుట్టాలూ చుట్టాలూ ఒక్కటవుతారు.

మధ్యాహ్నం భోజనం దగ్గర నువ్వూ కూర్చో. ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారో, ఎవరి పక్కన చోటు ఖాళీగా ఉంటోందో చూడు. ఊరు ఎలాంటిదో అక్కడ కనిపిస్తుంది. నేను దాని గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. రోజూ పళ్లెం పట్టుకుని ఆ ఖాళీ చోట్లోనే కూర్చునేదాన్ని. కొన్నాళ్లకు టీచర్ పక్కన కూర్చోవాలని పోటీ మొదలైంది.

తరగతిలో ఒక ఖాళీ బూట్ల డబ్బా పెట్టు. "టీచర్, వీడు కొట్టిండు" అని పరుగెత్తుకొస్తే "రాసి ఆ డబ్బాలో వెయ్యి, చదువుతా" అను. దెబ్బ తగిలితే మాత్రం ముందు దెబ్బ చూడు. సగం గొడవలు పెన్సిల్ వెతుక్కునేలోపే చల్లారిపోతాయి. మిగతావి మంచి రాత. కారణం రాయాలి, ముందేం జరిగిందో, తర్వాతేం జరిగిందో రాయాలి. డబ్బా రోజూ తెరువు, మరిచిపోకు. ఒక్క వారం తెరవకపోయినా నమ్మకం పోతుంది.

దసరా సెలవుల తర్వాత "దసరా పండుగ" అని వ్యాసం అడగొద్దు. అడిగావో, అందరూ ఒకటే రాస్తారు. "మీ ఇంట్లో బతుకమ్మ కింది వరుసలో ఏ పువ్వు పెట్టారు?" అని అడుగు. తంగేడా, గునుగా, గునుగుకు ఏ రంగు అద్దారు, గౌరమ్మను ఎవరు చేశారు అని ఒకదాని వెనక ఒకటి వస్తాయి. తండా పిల్లలైతే తీజ్ బుట్టల్లో గోధుమ మొలకలు తొమ్మిది రోజులు ఎలా పెంచారో రాస్తారు. అది మిగతావాళ్లకు కొత్త, అందుకని ఒళ్లంతా చెవులు చేసుకుని వింటారు.

ఇంకొకటి, పోస్టుకార్డులు. నేను అర్ధరూపాయి కార్డులు తెచ్చి, పక్క ఊళ్లలో ఉన్న అమ్మమ్మలకు రాయించాను. ఊరు, మండలం, జిల్లా, ఆరంకెల పిన్‌కోడ్ అన్నీ పిల్లలే కనుక్కున్నారు. ఒక పిల్లవాడు సోమవారం మొహం వెలిగిపోతూ వచ్చాడు. వాళ్ల అమ్మమ్మకు చదువు రాదు. కార్డు అందాక దాన్ని బియ్యం డబ్బాలో దాచిపెట్టి, ఆదివారం వీడు వెళ్లగానే చేతికిచ్చి చదివించుకుందట. తన ఉత్తరం తనే చదివాడు. "రెండుసార్లు సదివించింది టీచర్" అన్నాడు.

సంక్రాంతికి ఇక్కడికి వస్తావు కదా, అప్పుడు మిగతావి మాట్లాడుకుందాం. ఈలోపు నీ నాలుగో తరగతి పిల్లలతో నాకో కార్డు రాయించు. నా అడ్రస్ నీకు తెలుసు, పిన్‌కోడ్ మాత్రం చెప్పకు, వాళ్లనే వెతకనివ్వు.

మీ అత్తమ్మ