ఆ ఫోన్ ఈ రాత్రే చెయ్యండి

ప్రశ్న: మాది గాజువాక. సంక్రాంతికి మా తోడికోడలు ఎంవీపీ కాలనీలో తమ ఇంట్లో బొమ్మల కొలువు పెట్టి పేరంటానికి పిలిచారు. నేను తాంబూలం తీసుకుంటుండగా మా ఐదేళ్ల బాబు ఒక ఏటికొప్పాక లక్కబొమ్మను లాగి పడేశాడు. మెడ విరిగింది. అది ఆవిడకి వాళ్లమ్మగారు ఇచ్చిన బొమ్మ. ఎవరూ చూడలేదు. భయమేసి, తల మొండేనికి ఆనించి వెనక మెట్టు మీద పెట్టేశాను. నిన్న ఆవిడ ఫోన్ చేసి, ఇది పనమ్మాయి పనే, మాన్పించేస్తానన్నారు. నాకు నోట మాట రాలేదు. మావారేమో అలాంటిదే కొనిద్దాం, విరిగిన సంగతి ఎత్తకు అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

సలహా: బొమ్మ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పనమ్మాయి. మీరు నోరు విప్పకపోతే ఆమెకి జీతం పోతుంది, చెయ్యని తప్పుకి పేరు పడుతుంది. ఒక ఇంట్లో మాన్పించారంటే చుట్టుపక్కల ఇళ్లవాళ్లూ అనుమానంగానే చూస్తారు. అందుకే రేపు ఆమె పనిలోకి వచ్చేలోపే, ఈ రాత్రే ఫోన్ చెయ్యండి. వాట్సాప్‌లో మెసేజ్ వద్దు.

“అక్కా, బొమ్మ విరగ్గొట్టింది మా బాబు. నేను చూసి కూడా భయపడి దాచేశాను. ఆ అమ్మాయిని ఏమీ అనకండి” అని చెప్పి ఆగండి. పిల్లాడు కదా అనో, బొమ్మ అంచున ఉంది అనో చేర్చకండి. పసివాడి చేతిలో బొమ్మ విరిగితే ఎవరైనా సర్దుకుంటారు. మీరు దాచినందుకే ఆవిడ ఎక్కువ నొచ్చుకుంటారు. రెండు మాటలు అంటే పడండి, అలా అనే హక్కు ఆవిడకి ఉంది.

కొత్త బొమ్మ కొనడం తప్పు కాదు, కానీ నిజం చెప్పకుండా ఇస్తే అది కప్పిపుచ్చడమే అవుతుంది. ఏటికొప్పాక మనకి దూరమేం కాదు, అనకాపల్లి దాటాక వరాహ నది ఒడ్డునే ఉంది. అంకుడు కర్రను తరిణి (లేత్) మీద తిప్పుతూ లక్క అద్దే కళాకారులు అక్కడ ఇప్పటికీ ఉన్నారు. అచ్చం అలాంటి బొమ్మే దొరకవచ్చు కూడా. అయినా అది వాళ్లమ్మగారు ఇచ్చిన బొమ్మ కాదు కదా! కాబట్టి ఏం చెయ్యాలో మీరు తేల్చకండి. “ఏటికొప్పాక తీసుకెళ్లి బాగుచేయించనా, కొత్తది తెమ్మంటారా?” అని ఆవిడనే అడగండి. అతికిస్తే గీత కనబడవచ్చని కూడా ముందే చెప్పండి. ఇంట్లో ఫెవిక్విక్‌తో ప్రయత్నించకండి, జిగురు లక్క పూత మీదికి కారితే మరక పడుతుంది. కవర్లో డబ్బు పెట్టి ఇవ్వడం అసలు వద్దు. విరిగిన ముక్కల్ని అలాగే దాచుకుంటానంటే, మారు మాట్లాడకండి.

ఆదివారం బాబుని తీసుకుని వెళ్లండి. “పెద్దమ్మా, సారీ” అని వాడి నోటితో చెప్పించండి, అందరి ముందూ తిట్టకండి. ఆ అమ్మాయిని ఇప్పటికే ఏమైనా అని ఉంటే, ఆమె ఉన్న వేళకే వెళ్లి, అందరూ వినేలా ఆమెకీ క్షమాపణ చెప్పండి.