ఫిట్స్ ఆగితే చదువు దానంతటదే వస్తుందా?

జన్యు పరీక్షలో మీ పాపకు డ్రావే సిండ్రోమ్ (పసితనంలోనే ఫిట్స్ మొదలయ్యే జన్యు జబ్బు) అని తేలిందనీ, మందులతో ఫిట్స్ తగ్గితే చదువులో మిగతా పిల్లలను అందుకుంటుందా అనీ అడిగారు. మా అమ్మాయికీ ఇదే జబ్బు. ఫిట్స్ తగ్గడం వేరు, చదువు రావడం వేరు. ఈ మాట మాకు మొదట్లోనే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

తను రెండో తరగతికి వెళ్లేముందు వేసవంతా ఒక్క ఫిట్ కూడా రాలేదు. ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొచ్చింది. బడి తెరిచాక ఒక సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని 'పలక' అనే మాట చదవమన్నాను. 'ప' కింద వేలు పెట్టి గోరు తెల్లబడేదాకా నొక్కి చదివింది. 'ల' చదివింది. 'క' దగ్గరకొచ్చేసరికి మొదటి అక్షరం జారిపోయింది. నా మొహంలోకి చూసి 'లక' అంది. మళ్లీ మొదలుపెడితే ఈసారి 'క' ఒక్కటే మిగిలింది. విడివిడిగా అడిగితే మూడు అక్షరాలూ వచ్చు. ముక్కు మీద చెమట పట్టేంతగా కష్టపడుతోంది పిల్ల. ఆ వారమే వాళ్ల టీచరు "ఇప్పుడు ఫిట్స్ లేవు కదండీ, గారాబం తగ్గించండి, బద్ధకం అదే పోతుంది" అన్నారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఈ జబ్బులో ఎక్కువమందికి ఎస్‌సిఎన్1ఎ అనే జన్యువులో లోపం ఉంటుంది. ఆ సంగతి 2001లో బయటపడింది. 2006లో సియాటెల్‌లో విలియం కాటరాల్ అనే శాస్త్రవేత్త బృందం ఎలుకల్లో చూస్తే, ఆ లోపం వల్ల ఎక్కువగా దెబ్బతిన్నవి మెదడులో మిగతా కణాలను అదుపులో పెట్టే కణాలే. అవి నీరసిస్తే ఫిట్స్ వస్తాయి, నిజమే. కానీ వాటి పని అదొక్కటే కాదు. భజనలో తాళం వేసేవాడిలా మెదడు లయను నిలబెట్టేవి కూడా అవే. ఆ లయ చెదిరితే ఇప్పుడే చదివిన 'ప' నిలవదు. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో ఎలుకల మెదడులో ఒక్క భాగంలోనే ఈ జన్యువు పనిని తగ్గించారు. వాటికి ఫిట్స్ రాలేదు, కానీ ఏది ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడం దెబ్బతింది. నాకు అనుమానం తీరింది అక్కడే. ఫిట్స్ లేనంత మాత్రాన మెదడుకు ఇబ్బంది లేనట్టు కాదు.

ఇంకో బాధ చుట్టాలతో. "మేనరికమా? మీ వైపు ఎవరికైనా ఉందా?" అని ఆరా తీస్తారు. డ్రావేలో చాలావరకు ఆ మార్పు బిడ్డలోనే కొత్తగా వస్తుంది. తల్లినో తండ్రినో బోనులో నిలబెట్టాల్సిన పనే లేదు. ఫిట్ వస్తే చేతిలో తాళాలు పెట్టేవాళ్లు సరేసరి. డాక్టర్ల విషయంలోనూ ఒక జాగ్రత్త చెప్పాలి. కార్బమజెపిన్ లాంటి మామూలు ఫిట్స్ మందులు కొన్ని ఈ జబ్బును ముదరబెడతాయి. కొత్త డాక్టరు దగ్గరకు వెళ్తే జన్యు పరీక్ష రిపోర్టు ముందే చేతికివ్వండి. వాడుతున్న మందు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

చదువు కోసం ఫిట్స్ పూర్తిగా ఆగేదాకా ఎదురుచూడకండి. పిల్లల సైకాలజిస్టు దగ్గర జ్ఞాపకశక్తి, భాష ఎలా ఉన్నాయో ఇప్పుడే పరీక్ష చేయించండి. ఆ కాగితం తీసుకెళ్లి టీచరుతో మాట్లాడండి. మేము రెండక్షరాల మాటలకు తగ్గాం, ఒకే మాట రోజూ చదివిస్తాం. తనకు 'పలక' వచ్చింది. 'పుస్తకం' ఇంకా రాలేదు.